గీత పడని బంపరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ మర్యాద జరిగింది ఒక రైలు పట్టా ముక్కకి. అది మా లారీ ముందు బంపరు. దానికి పసుపు రాసేవారు, కుంకుమ బొట్లు పెట్టేవారు, నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ కట్టేవారు. వాన కురిస్తే మా పెదనాన్న తన భుజం మీది తుండుగుడ్డ తీసి దాన్ని తుడిచేవాడు. అదే వానలో తడిసి బండి దిగిన మా నాన్నకు ఆ తుండు అందించిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఈ మాట రాస్తుంటే కూడా నాకు ఒళ్ళు మండుతోంది. వయసు మీద పడితే కోపాలు చల్లారతాయని మా అమ్మాయి అంటుంది. నా విషయంలో అలాంటిదేమీ జరగలేదు.

మాది ఎలమంచిలి దగ్గర పల్లె. నాకు ఊహ తెలిసేసరికే మద్దిలపాలెంలో, బస్సు డిపో వెనక వీధిలో ఉండేవాళ్ళం. పెదనాన్న వాళ్ళూ, మేమూ, నాయనమ్మా అంతా ఒకే ఇంట్లో. ఉక్కు ఫ్యాక్టరీ పనులు జోరుగా సాగుతున్న రోజులవి. ఊళ్ళో లారీ ఉన్నవాడిదే రాజ్యం. పల్లెలో ఉన్న పొలం అమ్మేసి అన్నదమ్ములిద్దరూ కలిసి లారీ కొన్నారు. పేరుకు కలిసే గాని, బండి పెదనాన్న పేరున ఉండేది, స్టీరింగు నాన్న చేతిలో ఉండేది. పెదనాన్నకు డ్రైవింగు రాదు. నేర్చుకోవాలని కూడా ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు. వాకిట్లో మడత కుర్చీ వేసుకుని, బండి వెళ్ళేటప్పుడు ఒకసారీ వచ్చేటప్పుడు ఒకసారీ దాని చుట్టూ తిరిగి చూడడమే ఆయన పని.

కొన్నప్పుడు బండికి కంపెనీవాళ్ళు బిగించిన మామూలు రేకు బంపరే ఉండేది. ఒకసారి పోర్టు గేటు దగ్గర వరసలో ఆగి ఉండగా ముందున్న లారీ వెనక్కి జారి తగిలింది. రేకు సొట్టపోయింది, ఒక హెడ్‌లైటు పగిలింది. పెదనాన్న దాన్ని తన మీసానికి జరిగిన అవమానంగా తీసుకున్నాడు. అప్పడం కట్టించుకుని తిరుగుతున్నామని మూడు పూటలా అదే సణుగుడు. చివరికి పాత ఇనుప సామాన్ల కొట్లో రైలు పట్టా ముక్క ఒకటి ఏరి తెచ్చి, రేకు పీకించేసి, పట్టాను బండి ఛాసీకి, అంటే అడుగు చట్రానికి, నేరుగా వెల్డింగు చేయించాడు. పసుపూ నలుపూ చారలతో రంగు వేయించాడు. ముందు బరువెక్కి స్టీరింగు లాగేస్తోందని నాన్న అన్నాడు. బండి నాది, నడపడం నీది, నీ పని నువ్వు చూసుకో అని పెదనాన్న జవాబు.

ఆయనంటే ఎంత మంట ఉన్నా నిజం దాచను. ఆ పట్టా చిన్న దెబ్బలకు బాగానే కాసింది. పోర్టు వరసలో ఏ బండి వెనక్కి జారి తగిలినా దాని వెనక చెక్కలు విరిగేవి తప్ప మా దీపాలకు ఏమీ అయ్యేది కాదు. గేటు స్తంభాలు, ఎద్దుబండి చక్రాలు, అడ్డం వచ్చిన పశువుల కొమ్ములు, అన్నిటినీ అది తోసిపారేసేది. దాంతో పెదనాన్నకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. అమావాస్యకు లారీలవాళ్ళంతా కొబ్బరికాయను రాయి మీద కొట్టేవారు. ఈయన మాత్రం బంపరుకేసి కొట్టేవాడు. ఒక్క దెబ్బకు కాయ రెండు చెక్కలయ్యేది. కారుతున్న నీళ్ళు తుడిచి, పట్టాను అరచేత్తో నిమిరి, "సూడండి, గీతైనా పడిందేటి?" అని వీధి చివరిదాకా వినబడేలా అడిగేవాడు. అందరూ లేదనేవారు. నిజంగానే పడేది కాదు.

ఆ ఏడు దసరా ఇంకా దూరంగా ఉండగా నాన్న పోర్టులో ఎరువు బస్తాలు ఎత్తుకుని ఎలమంచిలి బయల్దేరాడు. పట్టపగలే. దారిలో గేదె అడ్డొస్తే తప్పించబోయి కల్వర్టు గోడను గుద్దాడు. పెద్ద వేగంలో కూడా లేడు. గోడ రాళ్ళు కొంచెం కదిలాయి. బంపరు చెక్కుచెదరలేదు. నాన్న ఛాతీ మాత్రం వెళ్ళి స్టీరింగుకు కొట్టుకుంది. పక్కటెముకలు విరిగాయి.

కబురు అందగానే పెదనాన్నా అమ్మా ఒకే బస్సెక్కారు. దారిలో కల్వర్టు దగ్గర బండి కనబడగానే పెదనాన్న బస్సు ఆపించి దిగిపోయాడట. అమ్మ ఒక్కతే ఏడుస్తూ ఆసుపత్రికి వెళ్ళింది. సాయంత్రానికి ఆయన తీరిగ్గా వచ్చి, మంచం పక్కన నిలబడి, మొదట అన్న మాట ఇది: "బంపరుకి గీత కూడా పడలేదురా." ఈ సంగతి అమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. 

నాన్నను ఇంటికి తెచ్చాక ఛాతీకి గట్టిగా కట్టు కట్టి పడుకోబెట్టారు. దగ్గు వస్తే దిండును గుండెకు అదుముకుని కళ్ళు మూసుకునేవాడు. నవ్వొచ్చినా అంతే, అందుకని మేం ఆయన ముందు నవ్వడం మానేశాం. చూడడానికి వచ్చినవాళ్ళందరికీ పెదనాన్న ఒకటే పాఠం చెప్పేవాడు. "ఆ పట్టా నేకపోతే ఈపాటికి ఈడికి దినాలు సేసేవోళ్ళం." వచ్చినవాళ్ళు తలూపేవారు. కాదని ఎవరు రుజువు చెయ్యగలరు? మనిషి బతికి ఉన్నాడు, బంపరు ఎదురుగా ఉంది. ఒక్క నాన్నే, మాటకు మాటకు మధ్య ఊపిరి కూడదీసుకుంటూ, "రేకైతే నలిగేదన్నయ్యా. దెబ్బ కొంత అదే తినేసేది. ఇది నలగదు కదా, మొత్తం నాకే ఒగ్గేసింది" అన్నాడు. నలిగేది మంచిదా, నిలబడేది మంచిదా, బుర్ర పని చేస్తోందా అని పెదనాన్న గయ్యిమన్నాడు. ఆ పట్టుదలతోనే, దసరా పూజ కాగానే దాని కింద ఇంకో పట్టా వేయిస్తానని ప్రకటించాడు. పూజ మర్నాటి నుంచే నాన్న బండెక్కాలి.

అమ్మ వంటింట్లో కూర్చుని, ఆ పట్టా ఉన్నంతకాలం మీ నాన్నను ఆ సీట్లో కూర్చోనివ్వను అనేది. అది మాకే వినబడే శపథం. ఇంటి పెద్ద ముందు ఆ మాట అనే ధైర్యం ఆవిడకు లేదు. నాన్నకు వేరే పని రాదు. ఇక మిగిలింది నాయనమ్మ. ఆవిడేమో ఆ రోజుల్లో నోరు మెదపలేదు. మామూలుగా ఆవిడ నోటికి వీధి వీధంతా జడిసేది, ప్రేమ పుట్టినా తిట్టే. అలాంటి మనిషి మౌనంగా చుట్ట కాల్చుకుంటూ కూర్చుంటే పెద్దకొడుకు పక్షమే అనుకున్నాం. అమ్మ ఆవిడతో మాట్లాడడం మానేసింది.

దసరా నాడు ఉదయమే వీధిలో లారీలన్నీ కడిగి వరసగా నిలబెట్టారు. అరటిపిలకలు, బంతిపూల దండలు, అగరొత్తుల పొగ. డ్రైవర్లు, ఓనర్లు, వాళ్ళ పిల్లలు అంతా అక్కడే. మా బండి దగ్గర హారతి పళ్ళెం నా చేతిలో ఉంది. నాన్న కట్టు మీద కొత్త చొక్కా వేసుకుని కొంచెం వంగి నిలబడ్డాడు. పెదనాన్న కొబ్బరికాయ కోసం చెయ్యి చాచాడు. అప్పుడు నాయనమ్మ లోపలి నుంచి వచ్చి ఆ చేతిలో ఒక కాయ పెట్టింది. ఒలిచిన కాయ కాదు. పీచు పీచుగానే ఉన్న, చెట్టు మీంచి దింపిన నిండు కాయ. ఒళ్ళంతా పసుపు పూసి ఉంది.

ఇదేమిటని పెదనాన్న అడిగాడు. సిన్నోడు బతికి బయటపడితే ఒలవని కాయ ఆ బంపరుకేసి కొట్టిస్తానని అమ్మోరికి మొక్కుకున్నానని ఆవిడ అందరికీ వినబడేలా చెప్పింది. ఒలిచి కొడతానని ఆయన అన్నాడు. "మొక్కు మొక్కే. నీ బంపరు మీద నీకు నమ్మకం నేదేటి?" అంది. వీధంతా చూస్తోంది. ఇక ఆయనకు తప్పించుకునే దారి లేదు.

మొదటి దెబ్బకు కాయ ధబ్‌మని చప్పుడు చేసి చేతిలోంచి ఎగిరిపోయింది. తెచ్చి మళ్ళీ కొట్టాడు. పీచు కొంచెం నలిగింది. పంచె ఎగగట్టి, రెండు చేతులతో పట్టుకుని కొట్టాడు. పీచు ఇంకాస్త చితికింది, అంతే. ఒక్కో దెబ్బకూ ఆయన మోచేతులు అదిరిపోవడం నాకు కనబడుతూనే ఉంది. పక్కన ఎవరో పిల్లలు నవ్వారు. ఆయన ముఖం కందగడ్డలా అయింది. చివరికి మణికట్టు పట్టుకుని, కాయను నేలకేసి విసిరికొట్టాడు. అది దొర్లుకుంటూ పోయి నాన్న కాళ్ళ దగ్గర ఆగింది.

నాయనమ్మ వంగి దాన్ని తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. తర్వాత దాన్ని నా చెవి దగ్గర పెట్టింది. లోపల నీళ్ళు గలగలమన్నాయి. అప్పుడు పళ్ళెంలో ఉన్న ఒలిచిన కాయ తీసి తనే బంపరుకేసి కొట్టింది. ముసలి చేతి దెబ్బకే అది పగిలి నీళ్ళు పట్టా మీంచి కారిపోయాయి. ఆవిడ పెద్దకొడుకు కళ్ళలోకి చూస్తూ, ఏ మాత్రం గొంతు పెంచకుండా అంది.

"రెండూ కాయలే. పీచున్నది బతికింది, పీచు నేనిది పగిలింది. నీ బంపరుకి రెండుసార్లూ గీత పడలేదు. ఇప్పుడు సెప్పు పెద్దోడా, నా సిన్నకొడుకు ఏ కాయనుకున్నావు?"

పెదనాన్న మణికట్టు నలుపుకుంటూ పక్కకు తిరిగాడు. ఆయనకు అర్థమైందని నేను అనుకోను. అర్థమయ్యే మనిషైతే ఆ రోజు బస్సు దిగేవాడే కాదు. ఆయన్ని లొంగదీసింది వేరే సంగతి. లారీల వాళ్ళ మధ్య దసరా కాయ పగలకపోవడమంటే పెద్ద అపశకునం. పక్క బండి డ్రైవరు, నాన్న స్నేహితుడు, అక్కడికక్కడే, "అమ్మోరి కాయ పగల్లేదు. ఆ పట్టా తీసేదాకా ఈ బండెక్కకు బావా" అన్నాడు. మిగతావాళ్ళు కూడా అదే మాట. ఇంకో డ్రైవరును చూసుకుంటానని పెదనాన్న అరిచాడు. వీధిలో ఒక్కడూ ముందుకు రాలేదు. ఆయనకేమో తోలడం రాదు. అన్నాళ్ళు ఆ బంపరును ముందు నుంచి చూశాడే తప్ప, దాని వెనక కూర్చోవడమంటే ఏమిటో ఆయనకు తెలియదు.

బండి కొన్నాళ్ళు వాకిట్లోనే నిలిచిపోయింది. చివరికి గ్యాస్ కట్టరు తెప్పించి పట్టాను కోయించాడు. పాత రేకు బంపరు మళ్ళీ వచ్చింది. నాన్న బండెక్కాడు. కాని ఆ అవమానాన్ని పెదనాన్న మర్చిపోలేదు. సంక్రాంతి కూడా రాకముందే వేరు పడదామన్నాడు. బండి ఆయనకే ఉండిపోయింది, నాన్న వేరేవాళ్ళ లారీల మీద డ్రైవరుగా చేరాడు. నాయనమ్మ మాతో వచ్చేసింది. పెదనాన్న తన ఇంటి ముందు ఆ పట్టా ముక్కను రెండు రాళ్ళ మీద పెట్టించి, రోజూ సాయంత్రం దాని మీదే కూర్చునేవాడు. మేం ఆ దారిన వెళ్తే ముఖం తిప్పుకునేవాడు. నేనూ తిప్పుకునేదాన్ని.

చాలా రోజుల తర్వాత నాయనమ్మను ఆ మొక్కు ఏ అమ్మవారికని అడిగాను. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసి, "మొక్కేటి, నీ మొహం. సెప్తే ఇనేవోడికి సెప్తాం. ఇననోడికి భయం పెడతాం" అంది. మళ్ళీ చుట్ట పెట్టుకుంది. అమ్మ ఆ వేళ వంటింట్లోంచి తొంగి చూసి, అడగకుండానే ఆవిడకు కాఫీ తెచ్చిచ్చింది.

పెదనాన్న పోయినప్పుడు నాన్నతో నేనూ వెళ్ళాను. అప్పటికి నాకు పెళ్ళయి పిల్లలున్నారు. వచ్చినవాళ్ళంతా ఆయన్ని ఒకటే పొగడడం. ఎవరికీ వంగని మనిషి, చివరిదాకా ఇనుములా నిలబడ్డాడు అని. వాళ్ళు ఆ మాట అంటున్నప్పుడల్లా పక్కనున్న మా నాన్న చెయ్యి, ఆయనకు తెలియకుండానే, పక్కటెముకల మీదకు పోయేది. గోడ వార కూర్చున్న పెద్దమ్మ తలెత్తలేదు. ఆమె కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పెదనాన్నను నేను క్షమించలేదు, ఇక క్షమించే వయసూ దాటిపోయింది. ఆ దసరా నుంచి నాకు మిగిలింది ఒక్కటే. ఇప్పటికీ ఎవరినైనా వంగని మనిషని పొగుడుతుంటే, నా కళ్ళు ఆ మనిషి మీద నిలవవు. వెనకాల ఉన్న ఇంట్లోవాళ్ళ ముఖాల వైపు పోతాయి.