కొంచెం జరగండి

మా బజారుకి చాలాకాలం పోలీసంటే ఒక్కడే మనిషి. ఆ మనిషికి ఒక్కటే మాట. పొద్దున్న షట్టర్లు లేచే వేళకి గంటస్తంభం వైపు నుంచి ముందు ఆ మాట వచ్చేది, వెనకాల ఆయన వచ్చేవాడు. జరగండి, జరగండి. చేతిలో లాఠీ ఉండేది గానీ అది మనుషుల మీద పడటం నేనెప్పుడూ చూడలేదు. మూసి ఉన్న షట్టర్ల మీద టకటకలాడించుకుంటూ నడిచేవాడు. తన మెడలో తనే గంట కట్టుకున్న పిల్లి ఆయన. ఆ చప్పుడు వినగానే రోడ్డు అంచున కూర్చున్నవాళ్లంతా గంపలెత్తి దగ్గరున్న కొట్టు అరుగు మీద పెట్టేసేవారు. ఆయన దాటిపోయాక మళ్లీ దింపుకునేవారు. ఈ సంగతి ఆయనకి తెలుసు, వాళ్లకి తెలుసు, ఆయన్ని పంపించిన స్టేషన్‌కి కూడా తెలిసే ఉంటుంది.

మాది విజయనగరం మెయిన్ రోడ్డులో ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. నేను చీపురుపల్లి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో బెల్లం, చింతపండు వ్యాపారం కాబట్టి కొట్లో కూర్చోవడం నాకు కొత్తేమీ కాదు. మావగారికి మోకాళ్లు పట్టేశాక, మా ఆయన సరుకు కోసం ఊళ్లు తిరుగుతూంటే, గల్లాపెట్టె ముందు నేను కూర్చున్నాను. నా నోరు కాస్త పెద్దదని మా అత్తగారు పెళ్లిచూపుల్లోనే కనిపెట్టారట. బజార్లో కూర్చునేదానికి ఆపాటి నోరు ఉండాల్లే అని సరిపెట్టుకున్నారట. ఆవిడ ముందుచూపుకి నేను రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఆ కానిస్టేబుల్ గారి పేరు బజార్లో ఎవరూ పలికేవారు కాదు. జరగండి పోలీసు అనేవారు. ఆయన ఎదురుగానే అనేవారు, ఆయనా పలికేవాడు. అలా అనడానికి తగ్గట్టే ఉండేది మరి ఆ రోజుల్లో బజారు. పంట చేతికొచ్చిందంటే రామతీర్థం వైపు రైతులు ఆడపిల్లల సారె సామాను కోసం ఆటోలు మాట్లాడుకుని వచ్చేవారు. బిందెలు, గంగాళాలు, మరచెంబులు, వాటి మీద పేర్లు చెక్కే మిషను గోల. మిల్లు జీతాలొచ్చే రోజున నడిరోడ్డు మీద సూది వేస్తే కింద పడేది కాదు. ఆ జనంలోకి ఈయన ఒక్కడూ దిగి, గొంతుతోనే తోవ చేసేవాడు. ఆటోవాడికి ఒక రకంగా, చంటిపిల్లని చంకనేసుకున్న తల్లికి ఇంకో రకంగా ఆ మాట మారిపోయేది. ఒకసారి నడిరోడ్డు మీద పడుకున్న ఆంబోతు దగ్గరికి వెళ్లి, పరాకులోనో పెద్దరికం చూసో గానీ, "కొంచెం జరగండి" అన్నాడు. బజారు బజారంతా నవ్వింది. ఆంబోతు జరగలేదు. జనమే దాని చుట్టూ తిరిగి వెళ్లారు.

అలాగని ఆయన పుణ్యపురుషుడేం కాదు. ముంజలు ఊరికే తినేవాడు. టీ కొట్టు ముందు కూర్చుంటే లేచేవాడు కాదు. బేరం మంచి ఊపులో ఉండగా మా కొట్టు ముందే స్కూటర్లు అటూ ఇటూ తీయిస్తున్నాడని నేనొకసారి గట్టిగానే పోట్లాడాను. అంతా విని, ఆయన నాక్కూడా అదే మాట చెప్పి వెళ్లిపోయాడు.

మా అరుగుకి ఆనుకుని, రోడ్డు అంచున, ఒక అప్ప కూర్చునేది. అప్పంటే మా వైపు అక్క. గజపతినగరం అవతల పల్లె నుంచి పొద్దున్న పాసింజరు దిగి, గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఎండాకాలం ముంజలు, వానల్లో పనసతొనలు, చలికాలం తేగలు. మొగుడు పోయాడు, సెంటు భూమి లేదు. ఆ గంప ఒక్కటే ఆమె జరుగుబాటు. గొడవ పడే మనిషి కాదు. లాఠీ చప్పుడు వినగానే గంప మా అరుగు మీదికి ఎత్తడం, చప్పుడు దూరమవగానే దింపడం, రోజుకి ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చేసేది.

ఒకసారి ఊరికి కొత్త ఆఫీసరు వచ్చాడు. కొత్త చీపురు బాగా ఊడుస్తుందంటారు కదా. రోడ్డుకి రెండు పక్కలా ఒక్క గంప కూడా కనపడకూడదని ఆయన ఉత్తర్వు. మునిసిపాలిటీ లారీ కూడా తెప్పించాడు, దొరికిన గంపలు అందులో వెయ్యడానికి. ఊరి చివర ఎక్కడో స్థలం చూపించారట, అక్కడికి కొనేవాళ్లు కాదు గదా కుక్కలు కూడా రావు. ఆ పొద్దున్న మా కానిస్టేబుల్ లాఠీ చప్పుడు ఎప్పటికంటే ముందు వినపడింది. షట్టర్లు విరిగిపోతాయేమో అన్నట్టు బాదుకుంటూ, ఎప్పటికంటే నెమ్మదిగా నడుస్తూ వచ్చాడు. అర్థమైనవాళ్లు గంపలెత్తుకుని సందుల్లోకి వెళ్లిపోయారు. అప్ప మాత్రం కదల్లేదు.

వెనకాల జీపు హారను వినిపిస్తోంది. ఆయన ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. ఈ పాలి తాను జరగనని, నెత్తిన పెట్టుకుని ఇంక ఎక్కడికెళ్లాలో బావే చెప్పాలని అంది అప్ప. బావంటే వరసకి కాదు, బాబుగారని. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు, అలసట ఉంది. ఆయన జీపు వైపు చూశాడు, మా అరుగు వైపు చూశాడు.

"ఓలప్పా, నిన్ను ఎల్లిపోమన్లేదు. జరగమన్నాను. పైకి జరుగు."

అప్పటికి గానీ నాకు బుర్ర వెలగలేదు. రోడ్డు సర్కారుది, అరుగు మాది. అరుగెక్కిన గంపని లారీలో వేసే హక్కు ఆ ఆఫీసరుకి లేదు. అయితే దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మా మావగారు లోపల్నించే వద్దన్నారు. గుమ్మంలో తేగల గంప పెట్టుకుంటే కొట్లోకి లక్ష్మి ఎలా వస్తుందని ఆయన బాధ. అరుగు నిండా బిందెలు పేర్చి ఉన్నాయి, గంప కాసేపు అంచున ఆనడానికే గానీ మనిషి కూర్చోడానికి ఖాళీ కూడా లేదు. కానిస్టేబుల్ ఆయనతో వాదించలేదు. నా వైపు తిరిగాడు.

"కోడలమ్మా, తమరు కూడా కొంచెం జరగాల."

నాకు మా మావగారంటే భయం. ఉన్న మాట చెప్తున్నాను, ఆ రోజు వరకూ ఆయన ముందు గొంతెత్తలేదు, నా పెద్ద నోరంతా బయటివాళ్ల మీదే. అయినా లేచాను. బిందెల దొంతర రెండు చేతులా పట్టుకుని లోపలికి జరిపాను. నా స్టూలు జరిపాను. అప్ప గంపతో సహా పైకొచ్చి కూర్చుంది. జీపు వచ్చింది, ఆఫీసరు తొంగి చూశాడు, జీపు వెళ్లిపోయింది. మావగారు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం, ఎవరితోనూ కానట్టుగా, ఆ తేగలు ఉడికినవా పచ్చివా అని అడిగారు. ఆ చలికాలం అయ్యేసరికి తేగ విరిచి అప్ప ముందుగా మావగారికే ఇచ్చేది. ముంజల కోసం ఆగినవాళ్లు చెంబో గరిటో కొనుక్కుని వెళ్లేవారు. లక్ష్మి వచ్చే తోవ లక్ష్మికి తెలుసు.

తీసెయ్యడం వేరు, జరపడం వేరు అని నాకు నేర్పింది ఆ మనిషే. ఆయన ఉద్యోగమంతా ఆ రెండింటి మధ్యే గడిచిందని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాత ఏమైందో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పెళ్లి సామాను కావాలంటే పొద్దున్న బస్సెక్కి విశాఖ వెళ్లి, సాయంత్రానికి వచ్చేస్తున్నారు. అది కూడా వెళ్లలేనివాళ్లకి ఫోనుంది. మా వరసలో బట్టల కొట్టు పోయింది, గాజుల కొట్టు పోయింది, పేర్లు చెక్కే మిషను తుప్పు పట్టింది. మావగారు కాలం చేశారు. ఎలా జరుగుతోందని ఒకరినొకరు అడగడం కూడా మానేశాం. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుందని.

ఇప్పుడు బజారుకి పోలీసంటే ఒక స్తంభమే. దానికి కెమెరాలు, వాటి కింద ఒక స్పీకరు. ఎక్కడో గదిలో కూర్చున్న పిల్ల ఫలానా నంబరు బండి పక్కకి తీయమని చెప్తుంది. ఎంతో మర్యాదగా, పుస్తకాల తెలుగులో చెప్తుంది, పాపం ఆ పిల్ల తప్పేముంది. ఒక్కోసారి ఆ బండి తప్ప రోడ్డు మీద ఇంకోటి ఉండదు. ఎవరికి అడ్డమని తీయాలో నాకు అర్థం కాదు.

మా కానిస్టేబుల్ హెడ్డయ్యి, రిటైరయ్యాడు. ఇంట్లో తోచదంటూ రోజూ వచ్చి మా అరుగు మీద, అప్ప పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. అప్ప వయసు అడిగితే ఆమెకే తెలియదు. గంప చిన్నదైంది గానీ రావడం మానలేదు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఆయన రోడ్డు వైపు చూస్తూ ఉండేవాడు. ఏదన్నా ఆటో వస్తే పెదాలు కదిలేవి.

పోయిన ఏడు మా ఆయన ఒక మాట తెచ్చాడు. కొట్లో సగం ఫోన్ల షాపుకి అద్దెకిస్తే, మిగిలిన సగంలో మనం ఇంకొన్నాళ్లు నెట్టుకురావచ్చని. తప్పని చెప్పను, ఇంకో దారి లేదు. అయితే ఆ కుర్రాడు ఒక షరతు పెట్టాడు. అరుగు మొత్తం పగలగొట్టి ముందంతా అద్దం పెడతాడట, గుమ్మంలో గంపలూ ముసలివాళ్లూ ఉండకూడదట. మా ఆయన సరే అనేలాగే ఉన్నాడు. అప్పకి ఆ సంగతి చెప్పే పని నాకు అప్పజెప్పాడు, నోరున్నదాన్ని గనక. రెండుసార్లు చెప్పబోయి ఆమె విరిచి ఇచ్చిన తేగ తిని ఊరుకున్నాను. అరుగు పోతే ఆమె ఈ ఊరికి రావడానికి ఇంకో చోటు లేదు. ఊరు నిండా ఖాళీయే గానీ, కూర్చోనిచ్చే ఖాళీ వేరు.

ఒక మధ్యాహ్నం అప్ప టీకి వెళ్లినప్పుడు హెడ్డు గారిని అడిగాను, ఏం చెయ్యమంటారని. ఆయన తువ్వాలు దులిపి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

"నానేటి సెప్పగలను కోడలమ్మా. ఇప్పుడు నా మాటకి ఎవులు జరుగుతారు?"

ఆ మాట విన్నాక నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఊరి మీదేమో. మర్నాడు ఆ కుర్రాడు టేపు పట్టుకుని కొలతలకి వచ్చాడు. అరుగు ఈ చివర నుంచి ఆ చివరకి టేపు లాగుతూంటే అప్ప కాళ్లు ముడుచుకుంది, ఏదో బాగుచేస్తున్నారనుకుని. నేను లేచి వెళ్లి ఆ టేపు మధ్యలో కాలు పెట్టాను. బాబూ, నీ సగం నువ్వు పగలగొట్టుకో, ఈ సగం అప్పది, నీ అద్దం కొంచెం అవతలికి జరుపు అన్నాను. గొంతు నాదే గానీ మాట ఎవరిదో బజారంతటికీ తెలుసు. కుర్రాడు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రెండూ ఒకేచోట గెలవాల్సి వచ్చింది. అద్దె కాస్త తగ్గింది. దాని గురించి ఇంట్లో ఇప్పటికీ సాధింపు ఉంది.

అద్దం బిగించాక మొదటి రోజు. అరుగు సగమే మిగిలింది, ఒక మనిషికీ ఒక గంపకీ సరిపడా. అప్ప వచ్చే పాసింజరు ఆలస్యమైంది, హెడ్డు గారు ముందొచ్చి అలవాటు చోట కూర్చున్నాడు. తేగల గంపతో వచ్చిన అప్ప ఆయన ముందే ఆగింది. జన్మంతా ఆ మాట పడిందే గానీ, తను అనడం ఇదే మొదలు.

"జరుగు బావూ," అంది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. అటు జరిగాడు, ఇటు జరిగాడు, చోటు చాల్లేదు. అప్ప గంప దింపి కూర్చుంది. ఆయన ఒక్క నిమిషం నిలబడి, అరుగు దిగి, భుజం మీది తువ్వాలు రోడ్డు అంచున పరిచి దాని మీద కూర్చున్నాడు. ఒకప్పుడు అప్ప కూర్చున్న చోటే, ఉద్యోగమంతా ఆయన ఎవరినీ కూర్చోనివ్వని చోటే. నేను స్టూలు తెచ్చి ఇస్తానన్నా వద్దన్నాడు. అప్ప ఒక తేగ విరిచి కిందికి అందించింది.

తింటూ గంటస్తంభం వైపు చూస్తూ కూర్చున్నాడు. నేనూ చూశాను. ఆయన్ని జరగమనడానికి ఎవరూ రాలేదు.