తాగని తాగుడు నుంచి నాకు కలిగిన విడుదల

సహోదరులారా, సహోదరీలారా, పదేళ్లకు పైగా నేను ఏ పనిలోనూ స్థిమితంగా ఉన్నవాణ్ణి కాను. భోజనానికి కూర్చుంటే సగంలో లేచేవాణ్ణి, ప్రార్థనకు మోకాళ్లూనితే అందరికంటే ముందు ఆమెన్ అనేవాణ్ణి, ఉద్యోగం దొరికితే నేనే వదిలేసేవాణ్ణి, నేను వదలకపోతే వాళ్లే నన్ను వదిలించుకునేవారు. దీనికి కారణం జబ్బు కాదు, అప్పు కాదు, వ్యసనం అసలే కాదు. సైన్యం నన్ను ఇంటికి పంపిస్తూ నా పేరు పక్కన పెట్టిన ఒక్క మాట. అన్‌డిజైరబుల్ డిశ్చార్జి. అంటే అక్కర్లేనివాడని పంపించేశారన్నమాట.

ముందే చెబుతున్నాను, ఈ సాక్ష్యంలో కలలు లేవు, దర్శనాలు లేవు, పైనుంచి ఏ స్వరమూ వినబడలేదు. మా నాన్న బడిపంతులు. సంఘసంస్కరణ సభల్లో వాదనకు దిగితే ఎదుటివాడు కండువా తీసుకుని వెళ్లిపోయేదాకా వదిలేవాడు కాదు. కళ్లారా చూడనిదాన్ని చూశానని చెప్పేవాడు ఎంత భక్తుడైనా ఆయనకు సహించేది కాదు. ఆ బుద్ధి నాకూ అంటుకుంది. అలాంటి నేను ఈ పత్రికలో దేవునికే మహిమ అని రాస్తున్నానంటే, దానికి నా దగ్గర ఉన్న కారణాన్ని మీరే తూచి చూడండి.

మా అక్క అమెరికాలో, డెట్రాయిట్‌లో నర్సుగా పనిచేసేది. ఆమె పిలిపిస్తే గ్రీన్‌కార్డు మీద వచ్చాను. ఆ రోజుల్లో పౌరులు కాకపోయినా గ్రీన్‌కార్డు ఉన్న కుర్రవాళ్లను యుద్ధకాలపు సైన్యంలోకి పిలిచేవారు, నన్నూ పిలిచారు, వెళ్లాను. యుద్ధానికి పంపకుండా టెక్సాస్‌లో ఒక శిబిరంలో సరుకుల గోదాములో వేశారు. అక్కడ ఒక నల్లజాతి సిపాయిని మా సార్జెంటు బూటుకాలితో తన్నడం నా కళ్లతో చూశాను, పంతులుగారి కొడుకును గనక చూసింది చూసినట్టు రాసి పై అధికారికి ఇచ్చాను. సార్జెంటుకు ఏమీ కాలేదు. ఆనాటి నుంచి నేను ఏం చేసినా తప్పే అయింది. వరుసలోకి ఆలస్యంగా వచ్చాడని ఒక శిక్ష, బూట్లు మెరవలేదని ఇంకొకటి, ఎదురు మాట్లాడాడని ఒకటి, అడిగితే జవాబు చెప్పలేదని మరొకటి. చివరికి ఒక ఆఫీసరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "ఇక్కడ సంతకం పెట్టు, నేరుగా ఇంటికి పోతావు, ఆరు నెలలు గడిస్తే ఈ మాట దానంతటదే మంచిమాటగా మారిపోతుంది," అన్నాడు. నాలాంటివాళ్లకు చాలామందికి అప్పట్లో అదే చెప్పేవారట. నమ్మాను, సంతకం పెట్టాను.

ఏ కాగితమూ దానంతటది మారదు సహోదరులారా. ఏ ఉద్యోగానికి పోయినా సైన్యంలో చేశావా, ఏ డిశ్చార్జితో వచ్చావు అని అడిగేవారు, చెప్పగానే ఎదుటిమనిషి ముఖం మారిపోయేది. సైన్యం నుంచి మర్యాదగా వచ్చినవాళ్ల చదువు ఖర్చు ప్రభుత్వం పెట్టుకునేది, ఆసుపత్రి ల్యాబులో పనిచేసే చదువు చదవాలని నా ఆశ, కానీ ఆ దారి నాకు మూసేశారు. చలికాలంలో కార్లు కడిగే చోట వేళ్లు మొద్దుబారేలా పనిచేస్తూ ఉండగానే నాకు సుగుణతో పెళ్లయింది. ఆమె కూడా నర్సే. ఈ సంగతి పెళ్లికి ముందే చెప్పాను. "మీరు పంపిన ఫిర్యాదు నిజమేనా?" అని ఒక్క ప్రశ్న వేసింది. నిజమే అన్నాను. "అయితే సరే," అంది.

డిశ్చార్జిని మళ్లీ పరిశీలించి మార్చే బోర్డు ఒకటి ఉందని, ముందు కాగితాల మీద చూస్తారని, అక్కడ కాదంటే మనిషి ఎదుట నిలబడి చెప్పుకునే అవకాశం ఇస్తారని ఎనభైల మొదట్లో తెలిసింది. ఉచితంగా న్యాయసహాయం చేసే ఆఫీసులో హెలెన్ అనే లాయరు నా కేసు తీసుకుంది. సంఘంలో నన్ను ఎరిగినవాళ్ల చేత ఉత్తరాలు రాయించి పంపమంది.

మా తెలుగు సహవాసం ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో జరిగేది. సంఘపెద్ద శామ్యూల్‌గారు, నోవై అనే దగ్గరి ఊళ్లో ఇల్లు, కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసే పని. ఉత్తరం సంగతి చెప్పగానే నా భుజం తట్టారు.

"ప్రభుదాసూ, నువ్వు వర్రీ కాకు. లెటర్ నేను రాస్తా. చదివితే ఆఫీసర్లకు కళ్లనీళ్లు తిరగాలి."

"ఒకసారి నాకు చూపించండి."

"ఎందుకయ్యా, పొగిడితే నీకు గర్వం వస్తుంది. డైరెక్టుగా లాయరమ్మకే పోస్ట్ చేస్తాం."

అలాగే చేశారు. కొన్ని నెలలకు బోర్డు జవాబు వచ్చింది. మార్చడానికి కారణం కనబడలేదని, దరఖాస్తుదారు గతంలో తాగుబోతు అనీ, అధికారులను లెక్కచేసేవాడు కాదనీ అతని తరఫు ఉత్తరాలే చెబుతున్నాయని అందులో ఉంది. నేను హెలెన్ ఆఫీసుకు పరిగెత్తి ఆ ఉత్తరాలు చదివాను. శామ్యూల్‌గారిది రెండు పేజీలు. నేను మద్యంలో మునిగి తేలినవాణ్ణట, పెద్దల మాట వినని కఠినహృదయుణ్ణట, పాపపు ఊబిలో మెడదాకా కూరుకుపోయి ఉంటే ప్రభువు చెయ్యి చాచి పైకి లాగాడట. మిగతావాళ్లు ఆయనది చూసి రాసినట్టున్నారు, ఊబి ఇంకా లోతైంది. సహోదరులారా, నేను పుట్టిన తరవాత ఇంతవరకూ మద్యం చుక్క ముట్టినవాణ్ణి కాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యీ కాకముందే శామ్యూల్‌గారిని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"నేను తాగడం మీరెప్పుడు చూశారండీ?"

"చూళ్లేదయ్యా. నువ్వు మా దగ్గరికొచ్చేసరికే మారిపోయావు కదా."

"మారకముందు తాగానని ఎవరు చెప్పారు?"

"ఒకళ్లు చెప్పాలా? మిలటరీ కదా. అయినా బ్రదర్, చీకటి చూపించకపోతే వెలుగు ఎట్లా తెలుస్తుంది? నా సాక్ష్యం నువ్వు వినలేదా? పేకాటలో ఇల్లు గుల్ల చేశానని చెబుతా. ఆడింది రెండు సార్లు, అదీ మా బావమరిదితో."

నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడికి మన అబద్ధం దేనికండీ అని అరిచాను. ఆయన నిజంగా చేసిన మేలు మీకు చాలలేదా, దాన్ని పెద్దది చేసి చూపించడానికి ఒక మనిషిని బురదలో ముంచాలా, మా నాన్న ఎదిరించిన బూటకపు బాబాలకూ మనకూ తేడా ఏమిటి అని అడిగాను. బేస్‌మెంట్‌లో టీ పోస్తున్నవాళ్లు ఆగిపోయారు. శామ్యూల్‌గారు కోటు వేసుకుని వెళ్లిపోయారు.

హెలెన్ మాత్రం నిరాశపడలేదు. ఎదుట నిలబడి చెప్పుకునే అవకాశం ఇంకా ఉంది. అయితే ఆమె చెప్పిన ఉపాయం విని నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఉత్తరాలు ఫైల్లోకి ఎక్కిపోయాయి. ఇప్పుడు అవి అబద్ధమంటే నీ సాక్షులంతా అబద్ధాలకోరులే, నీ వైపు ఇంకెవరు మిగులుతారు? నిజమే అను. తాగుడు ఒక జబ్బు, ఆ జబ్బులో తప్పులు జరిగాయి, చర్చి వల్ల బాగుపడ్డాను అను. బోర్డులో ఉన్నవాళ్లకూ మనసుంటుంది. ఇలాంటి కేసులు గెలుస్తాయి."

జీవితమంతా వాదించిన నాకు ఆ వాదనలో కన్నం దొరకలేదు. సంఘంలో చెబితే, దేవుడే తలుపు తెరిచాడు బ్రదర్, లోపలికి నడువు అన్నారు. అందరికంటే ముందు అన్నది శామ్యూల్‌గారే. ఇంటికొచ్చి సుగుణను అడిగాను. ఆమె ఇస్త్రీ చేస్తోంది, తల ఎత్తలేదు.

"నాకు నిజమేదో అబద్ధమేదో తెలియక కాదు. గుమ్మం దగ్గర్నుంచి కిటికీకి, కిటికీ దగ్గర్నుంచి గుమ్మానికి మీరు తిరుగుతుంటే ఇంక చూడలేను. చెప్పెయ్యండి. తాగినవాళ్లంతా తాగలేదంటారు. తాగనివాడు ఒక్కడు తాగానంటే లోకం మునిగిపోదు."

నేను లొంగిపోయాను. అంతకుముందు ఆదివారం మెట్ల దగ్గర నిజం కోసం అరిచినవాణ్ణే, అబద్ధం చెప్పడానికి సిద్ధపడ్డాను. బోర్డు ఎదుటికి వెళ్లాల్సిన రోజు ఉదయం, బయలుదేరేముందు చేసిన ప్రార్థన నాకు మాట మాటగా గుర్తుంది. "ప్రభువా, నేను ఇవాళ అబద్ధం చెప్పబోతున్నాను. నీ పేరు వాడుకుని చెప్పబోతున్నాను. నన్ను ఆపాలని నీకుంటే నువ్వే ఆపు. నా వల్ల కాదు, అలసిపోయాను." ఇంత మర్యాద లేని ప్రార్థన నేను అంతకుముందు చేయలేదు.

బోర్డువాళ్ల బృందం ఆ వారం డెట్రాయిట్ వచ్చింది. నా తరఫు సాక్షిగా వస్తున్న శామ్యూల్‌గారి కారులోనే బయలుదేరాం. హైవే మీద మంచు తోసి పక్కలకు గుట్టలు వేశారు, బళ్లు మెల్లగా పోతున్నాయి. నేను చెప్పాల్సింది వల్లె వేస్తున్నాను. వెనకసీట్లోంచి సుగుణ అడిగింది.

"ఏం తాగేవారని అడిగితే?"

"విస్కీ," అన్నాను.

"ఎంత?"

"ఎంతంటే... రోజుకో గ్లాసు."

"గ్లాసంటే ఏ గ్లాసు? మనం మంచినీళ్లు తాగేదా?"

"సీసా అని చెప్పు ప్రభుదాసూ," అన్నారు శామ్యూల్‌గారు స్టీరింగు వదలకుండా.

"రోజుకో సీసా తాగితే ఈయన లివరు ఎప్పుడో పోయేదండీ. డాక్టరెవరైనా ఉంటే నవ్వుతాడు."

"పోనీ బీరు?" అన్నారాయన.

"దాని రుచెట్లా ఉంటుంది అంకుల్?"

"నన్నడుగుతావేంటమ్మా? నేనెప్పుడు తాగాను?"

సుగుణకు నవ్వు ఆగలేదు. నాకూ వచ్చింది. ముగ్గురం మద్యం వాసన ఎరగనివాళ్లం, ఒక తాగుబోతును తయారుచేయడానికి కూర్చున్నాం. శామ్యూల్‌గారు మాత్రం నవ్వలేదు.

గదిలో పొడవాటి బల్ల వెనక ఐదుగురు ఆఫీసర్లు కూర్చున్నారు. శామ్యూల్‌గారికి మధ్యాహ్నం షిఫ్టు ఉందని హెలెన్ ముందు ఆయన్నే పిలిపించింది. కుడిచెయ్యి ఎత్తి దేవుని ఎదుట నిజమే చెబుతానని ప్రమాణం చేయమన్నారు. ఆయన చెయ్యి ఎత్తారు, ప్రమాణం చేశారు, చెయ్యి దించడం మరిచిపోయినట్టు అలాగే కొంచెంసేపు నిలబడ్డారు. మధ్యలో కూర్చున్న ఆఫీసరు ఉత్తరం చూపించి అడిగాడు.

"దరఖాస్తుదారు తాగి ఉండగా మీరు చూశారా?"

"లేదు సర్."

"తాగుతానని అతను మీతో చెప్పాడా?"

"లేదు సర్. ఎవరూ చెప్పలేదు. నేనే రాశాను."

హెలెన్ కలం బల్ల మీద పెట్టేసింది.

"ఎందుకు రాశారు?"

"మా దగ్గర అలా చెబితే దేవునికి ఘనత వస్తుందనుకుంటాం సర్. అక్కడ ఇలా చెయ్యి ఎత్తించి, చూశావా అని ఎవరూ అడగరు. మిగతావాళ్లు నాది చూసి రాశారు. వాళ్లను ఏమీ అనకండి. అతను తాగడు. అతనిలో నేను చూసిన తప్పు ఒక్కటే, ప్రతిదానికీ వాదిస్తాడు."

ఒక ఆఫీసరు పెదవులు బిగించి నవ్వు ఆపుకున్నాడు. తరవాత నా వంతు. నేను వల్లె వేసుకున్న అబద్ధానికి ఇక నిలబడే చోటు లేదు. సార్జెంటు తన్నడం, నేను రాసి ఇవ్వడం, ఆ తరవాతి శిక్షలు, ఆరు నెలల మాట, అన్నీ చెప్పాను. చివర కూర్చున్న ఆఫీసరు ఫైలు ముందుకీ వెనక్కీ తిప్పి, "ఈ శిక్షల్లో నీ ఫిర్యాదుకు ముందువి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు. లేవన్నాను. ఆయన మళ్లీ తిప్పి చూశాడు. "లేవు," అని పక్కాయనతో అన్నాడు.

ఓడిపోయామనే అనుకుంటూ తిరిగొచ్చాం. ఎదురుచూసిన ఆ వారాలు నాకు అన్నిటికంటే కష్టమైనవి. పోస్టుబండి చప్పుడైతే చాలు మంచులోకి చెప్పులు లేకుండా వెళ్లేవాణ్ణి. చివరికి జవాబు వచ్చింది. గౌరవప్రదమైన పరిస్థితుల్లో జనరల్ డిశ్చార్జిగా మార్చారు. అన్నిటికంటే పై మెట్టు కాదు, దాని కింది మెట్టు. ఇది కూడా పెంచి చెప్పను. కానీ చదువుకు తలుపు తెరుచుకుంది, ల్యాబు కోర్సులో చేరాను, ఇవాళ ఆ పనే చేస్తున్నాను.

దీన్ని అద్భుతమంటావా అని నాస్తికుడెవరైనా నన్ను అడిగితే, ప్రతిదానికీ కారణం చూపించగలను. కారులో మా మాటలు విని శామ్యూల్‌గారి మనసు కలుక్కుమంది, ప్రమాణం ఆయన్ను భయపెట్టింది, ఒక ఆఫీసరు ఓపిగ్గా ఫైలు తిప్పాడు. అంతా లోకంలో జరిగేదే. కానీ నన్ను ఆపమని నేను అడిగిన ఉదయమే ఆపుదల వచ్చింది. నన్ను ఆ అబద్ధంలోకి దింపిన నోటితోనే వచ్చింది. తన పరువు పోతుందని తెలిసీ ఆయన పలికారు. తర్కం చదువుకున్న నేను లొంగిన చోట, నేను ఎద్దేవా చేసిన మనిషి నిలబడ్డాడు. దీన్ని కాకతాళీయమని తోసేయడానికి ఎంతో ప్రయత్నించాను, నా తర్కం చాలలేదు. అందుకే దేవునికే మహిమ అంటున్నాను, తూచి అంటున్నాను.

సహోదరులారా, ఇలాంటి డిశ్చార్జిని పెట్టె అడుగున దాచుకుని తిరుగుతున్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, ఈ పత్రిక చదివేవాళ్లలో మీ బంధువో పక్కింటాయనో ఉండవచ్చు. రండి, మీతో వచ్చి కూర్చుంటాను, దరఖాస్తు రాయడంలో సాయపడతాను. ఏ బోర్డు ఏమంటుందో నేను మాట ఇవ్వలేను. ఒక్కటే అడుగుతున్నాను. దేవుని ఎదుట చెయ్యెత్తి చెప్పగలిగినంతే చెప్పండి, అంతకు మించి ఒక్క ముక్క కలపకండి. మిగతాది ఆయన చేతిలో పెట్టవచ్చు. నేను పెట్టాను, నమ్మదగినవాడని తెలుసుకున్నాను.