పన్నెండు సెకన్ల ముందు

మా లోమిస్ ఊళ్ళో, బంతిని చేత్తో పట్టి పరుగెత్తే అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌ని టీవీలో చూస్తాం, రేడియోలో వింటాం, రెండూ ఒకేసారి. టీవీలో వ్యాఖ్యానం చెప్పే పెద్దమనుషులకి మా కుర్రాళ్ళ పేర్లు పలకడం కూడా రాదు. అందుకని టీవీ నోరు నొక్కేసి, పక్కన రేడియోలో క్లీట్ హార్మన్‌ని పెట్టుకుంటాం. క్లీట్ ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మా కొంగల జట్టు ఆటలు చెబుతున్నాడు. మావాళ్ళు ఓడిపోతుంటే ఇంట్లో ఎవరో పోయినంత దిగులుగా చెబుతాడు.

పైకప్పు మీద యాంటెనాలున్న రోజుల్లో బొమ్మా, మాటా కలిసే వచ్చేవి. ఇప్పుడు బొమ్మ ఇంటర్నెట్లో పడి, ఊళ్ళన్నీ తిరిగి, తీరిగ్గా వస్తోంది. క్లీట్ కేక పెట్టిన పన్నెండు సెకన్లకి గానీ టీవీలో కుర్రాడు బంతి పట్టుకోడు. లెక్క పెట్టి మరీ చెప్పినవాడు ఓరిన్ హాస్కిన్స్.

ఓరిన్ ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ కంపెనీలో స్తంభాలెక్కిన మనిషి. రిటైరైనా చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ లేకుండా చర్చికి కూడా వెళ్ళడు. అతని భార్య ఆర్లిస్ కాలేజీ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బాగుచేసేది. విడిపోయిన కాగితాలు కుట్టి, జిగురు పెట్టి, కొత్త అట్ట వేసి అరలోకి పంపేది. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన వేళ్ళు కాబట్టి, పుస్తకం వాసన చూసి, అంచు తడిమి, ఏ కాలం నాటిదో చెప్పేయగలదు.

పోయిన శీతాకాలంలో అక్షరాల మధ్య ఏదో బూడిద మచ్చ కనిపిస్తోందంది. ఆ మచ్చ మనుషుల ముఖాల్లోకి పాకింది. వసంతంలో మొక్కజొన్న విత్తే వేళకి లోకమంతా మచ్చే అయిపోయింది.

ఓరిన్‌కి దుఃఖం వస్తే ఏడవడం రాదు, ఏదో ఒకటి కొనడమే వచ్చు. గంటగంటకీ అరిచే గడియారం వచ్చింది. కాఫీ అంచుదాకా నిండితే కీచుమనే కప్పు వచ్చింది. బట్టల మీద ఆనిస్తే రంగు చెప్పే పెన్ను ఒకటి వచ్చింది. ఆర్లిస్ దాన్ని ముందుగా మొగుడి బట్టతల మీద ఆనించింది. అది "లేత గులాబీ" అంది.

"చూశావా, ఈ ఇంట్లో గడియారం మాట్లాడుతుంది, కప్పు మాట్లాడుతుంది, పెన్ను మాట్లాడుతుంది. నువ్వొక్కడివే మాట్లాడవు" అంది ఆర్లిస్.

అదీ నిజమే. పుస్తకాలు చదివి వినిపించే పెట్టె తెచ్చినప్పుడు కూడా ఆమె రెండు రోజులు విని పక్కన పెట్టేసింది. "ఆ అమ్మాయి బాగానే చదువుతుందయ్యా. కానీ తుమ్మదు, చదువుతున్న వరస తప్పదు, మధ్యలో నిద్రపోదు. నాకు నీ చదువే అలవాటు" అంది. అప్పట్నుంచీ సాయంకాలాలు ఓరినే చదివాడు. నాలుగు పేజీలకే అతనికి కునుకు పట్టేది. ఆ కునుకులో కథలోని నది వచ్చి వాళ్ళ పెరట్లో పారేది, లైబ్రరీ జిగురు వాసన వేసేది, నీలం చొక్కాల కుర్రాళ్ళు ఆ నదిలో మోకాళ్ళ లోతున నిలబడి బంతి విసురుకునేవారు. ఆర్లిస్ మోచేత్తో పొడిస్తే ఆ నది ఎండిపోయేది.

ఇక దీపాల సంగతి. నవంబరు చివర వచ్చే పంట పండగ థాంక్స్‌గివింగ్ మర్నాడు గాక ఆ పై రోజు, శనివారం మధ్యాహ్నం మెర్టన్ ఊరి ఎద్దుల జట్టుతో మా కొంగలకి ఆట. గెలిచినవాళ్ళకి తుప్పు పట్టిన పాలక్యాను ఇస్తారు. దానికోసం మా తాతల నాటినుంచీ కొట్టుకు చస్తున్నాం. ఆ ఆట అయ్యేదాకా మా ఊళ్ళో ఎవరూ క్రిస్మస్ దీపం వెలిగించరు. గెలిస్తే వాకిట్లో మొదట నీలం తీగ, ఓడితే తెల్ల తీగ. హాస్కిన్స్ వాళ్ళింట్లో ఆ మొదటి తీగ ఎప్పుడూ ఆర్లిస్‌దే. లోపల చెట్టుకి కట్టే నక్షత్రాలూ ఆమెవే. అట్టలు వేయగా మిగిలిన రంగు కాగితాలతో ఏడాదికొకటి చొప్పున కత్తిరించి పెట్టుకుంది.

ఈసారి అక్టోబర్లోనే ఖండితంగా చెప్పేసింది. "అటక మీది పెట్టెలు దించకు ఓరిన్. నాకు కనపడని దీపాలు ఎవరికి? దారిన పోయేవాళ్ళకా?"

ఈ ఏడు దిగకపోతే ఆ పెట్టెలు ఇక ఎప్పటికీ దిగవని ఓరిన్‌కి తెలుసు. కొంగలు గెలిస్తే, ఆ ఊపులో ఇంకోసారి అడుగుదాం అనుకున్నాడు. ఓడితే ఇక నోరెత్తేదేముంది!

దానికి తోడు ఒక పనిముట్టు కూడా చేశాడు. శనివారాలు ఆర్లిస్ కిటికీ పక్కన రేడియోతో కూర్చునేది, అతను క్లీట్ ముందే చెప్పేసేది చెవిన పెట్టకుండా, బొమ్మ కోసం కాచుకుని టీవీ ముందు. ఆమె ముందుగానే "అయ్యో" అనేది, లేదా పెదవులు బిగబట్టి కాలు ఊపేది. అతనేమో ఆనక అరిచేవాడు. ఒకే గదిలో ఉండి ఇద్దరూ వేరువేరు కాలాల్లో ఉన్నట్టుందని, పాపం ఆమె ఒంటరిదైపోతోందని అతనికి బాధ. అందుకని రేడియో మాటని పన్నెండు సెకన్లు ఆపి వదిలే చిన్న నల్లపెట్టె తయారుచేసి, ఆట రోజు పొద్దున్నే చెప్పాపెట్టకుండా రేడియో వెనక తగిలించాడు.

ఆహా, ఎంత చక్కగా కుదిరిందనీ! క్లీట్ "పట్టాడు!" అనేసరికి టీవీలో కుర్రాడూ పట్టాడు. ఓరిన్ గాల్లోకి లేచి ఆర్లిస్ వైపు చూశాడు.

ఆర్లిస్ కాలు ఊపడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, దారి తప్పిన మనిషిలా తల అటూ ఇటూ తిప్పుతోంది. కొంగలు ఇంకోసారి గీత దాటి పాయింట్లు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు.

సగం ఆట అయ్యాక అతను వంటింట్లో మాంసం, చిక్కుళ్ళు వేసి వండిన చిల్లీ వడ్డిస్తున్నాడు, పక్కన దాల్చినచెక్క రొట్టెలు. ఆర్లిస్ గోడ తడుముకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రేడియోని ఏం చేశావయ్యా?"

"కనిపెట్టేశావా!" ఓరిన్ పొంగిపోయాడు. "ఇప్పుడు టీవీతో కలిసి వస్తోందోయ్. ఇద్దరం ఒకేసారి..."

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

అతని చేతిలో గరిటె ఆగిపోయింది.

"వసంతం నుంచీ ప్రతిదీ నువ్వు చెబితేనే నాకు తెలుస్తోంది. వాన మబ్బు పట్టిందా, నువ్వు చెప్పాలి. ఎదురింటివాళ్ళు గోడకి ఏ రంగు వేశారు, నువ్వు చెప్పాలి. నా జాకెట్టు మీద మరకుంటే అదీ నువ్వే చెప్పాలి. వారానికి ఒక్క పూట, పన్నెండంటే పన్నెండే సెకన్లు, నాకు తెలిసింది నీకు తెలిసేది కాదు. నేను ముందు చూసేదాన్ని. నువ్వు నా మొహం చూసి తెలుసుకునేవాడివి. అది కూడా లాక్కున్నావు కదా, మహానుభావా!"

తెలివితక్కువ వెధవని, వట్టి తెలివితక్కువ వెధవని అనుకున్నాడు ఓరిన్. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. నల్లపెట్టె ఊడబెరికి, చెత్తబుట్టలో వెయ్యబోయి, మనసొప్పక సొరుగులో పడేశాడు. తీసేశానని ఆమెకు చెప్పలేదు. క్లీట్ గొంతు మళ్ళీ పరుగందుకుంది, ఆర్లిస్ కాలు మళ్ళీ ఊగడం మొదలైంది. అదే చెప్పింది ఆమెకి తెలిసిందని.

రెండో సగం అంతా ఓరిన్ కలలో ఉన్నట్టే చూశాడు. కిటికీలోంచి నవంబర్ ఎండ పల్చగా ఆమె ఒడిలో పడింది. మెల్లగా అతని కళ్ళు టీవీ మీంచి ఆమె మీదికి జరిగాయి, ఆపైన కుర్చీయే జరిగింది. ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయంటే బంతి ఎద్దుల చేతికి పోయిందన్నమాట. పెదవి కొరుక్కుందంటే మనవాడు పరుగెడుతున్నాడన్నమాట. ఇన్నేళ్ళ కాపురంలో ఒక పూటంతా ఆమె ముఖం ఇలా చూసి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. అతని వీపు వెనక టీవీ తన ఆట తాను ఆడుకుంటోంది.

"టీవీ చూస్తున్నావా?" అంది ఆర్లిస్ ఉన్నట్టుండి.

"చూస్తున్నా."

"అబద్ధం. నీ ఊపిరి ఇటు తగులుతోంది."

"బాగా కనిపిస్తోంది ఇక్కణ్ణుంచి."

ఆమె ముసిముసిగా నవ్వి, అంతలోనే "ష్" అని చెయ్యెత్తింది. కొంగలు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాయి. గడియారంలో మూడంటే మూడే సెకన్లున్నాయి. నలభై మూడు గజాల నుంచి బంతిని గోలు స్తంభాల మధ్యకి తన్నితే మూడు పాయింట్లొస్తాయి, గెలుపు మాదే. తన్నేది మొదటి ఏడాది చదువుతున్న పిల్లవాడు. క్లీట్ గొంతు తగ్గించి చెబుతున్నాడు. ఓరిన్ ఆ మాటలు వినలేదు, వినబుద్ధి కాలేదు. రెండు చెవులూ గట్టిగా మూసుకుని ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

ఆర్లిస్ ఊపిరి బిగబట్టింది. కనురెప్పలు పైకి లేచాయి, బంతిని కళ్ళతో వెంబడించినట్టు గడ్డం కూడా లేచింది. అక్కడే ఒక క్షణం ఆగింది. తర్వాత ఆ ముఖంలో ఏముందో ఓరిన్‌కి అంతుబట్టలేదు. ఆమె చెయ్యి చాచి రేడియో కట్టేసింది.

అతను చెవుల మీంచి చేతులు తీశాడు. "ఏమైందే? చెప్పు!"

"ఉండవయ్యా, తొందరేం? నాకింకా సమయముంది."

"ఆర్లిస్! నా ప్రాణం తోడకే!"

ఆమె పకపకా నవ్వింది. వసంతం తర్వాత ఆ ఇంట్లో అలాంటి నవ్వు అదే మొదలు. నవ్వుతూనే లేచి, గోడ తడమకుండా నాలుగడుగులు వేసి, అతని భుజం దొరకబుచ్చుకుంది.

"నిచ్చెన వేసి పెట్టెలు దించు" అంది. "తెల్ల తీగ పైకి తీసి ఉంచు. నేనే కడతాను."

ఓరిన్ వెనక్కి తిరిగి చూశాడు. టీవీలో బంతి ఇంకా నేల మీదే ఉంది.