అన్నవాహికకు పడిన ఉరి

కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన మొదటి చలికాలంలో నేను ఒంటారియోలో ఒక పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌లో సీనియర్ పాథాలజిస్టుగా ఉన్నాను. చనిపోయిన జంతువును కోసి చూసి, కారణం తేల్చి, రిపోర్టు రాయడం నా ఉద్యోగం.

ఆ జనవరిలో మార్కమ్ అనే ఊరి నుంచి చనిపోయిన జర్మన్ షెపర్డ్ కుక్కకూన ఒకటి వచ్చింది. చిక్కి ఎముకలగూడులా ఉంది. రిపోర్టు పశువైద్యుడికి వెళుతుంది, యజమానులతో మేం మాట్లాడం. కాని ఈ కూన యజమాని సునీత నా పేరు తెలుసుకుని నేరుగా ఫోన్ చేసింది.

“డాక్టర్ గారూ, కూనను నేనే చంపానంటున్నాడు, దాన్ని నాకమ్మిన బ్రీడర్. మీ అన్నాలూ కూరలూ పెట్టి పాడుచేశారు, మీలాంటివాళ్లకు అమ్మడమే నా తప్పు అన్నాడు. డాగ్ ఫుడ్ తప్ప నేనేం పెట్టలేదండీ. తిన్నది తిన్నట్టే బయటికొచ్చేసేది.”

వాళ్ల పశువైద్యుడు ఏమన్నారని అడిగాను.

“సెన్సిటివ్ స్టమక్, కొంచెం కొంచెం పెట్టమన్నారు. ఎక్స్‌రే తీయలేదు.”

తిన్నది తిన్నట్టే వస్తోందంటే అది కడుపుదాకా పోవడం లేదని అర్థం. అది తట్టని వైద్యుడి మీద అప్పుడే ఒళ్లు మండింది.

ఛాతీ తెరవగానే గుండెను కోసి తీసేయకూడదు. పెద్ద రక్తనాళాలు ఎటు పోతున్నాయో ఉన్నచోటే చూడాలి. బయటికి తీస్తే కుడి ఎడమలు తెలియవు. గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకుపోయే బృహద్ధమని కుక్కలో ఎడమ వైపుకు వంగి వెన్నెముక వెంట సాగుతుంది. ఈ కూనలో కుడికి వంగింది. అంతవరకే అయితే బతికేది. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల ధమనిని బృహద్ధమనితో కలిపే చిన్న దారి ఒకటి ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోయి తాడులా మిగులుతుంది. బృహద్ధమని కుడివైపున ఉండడంతో ఆ తాడు అన్నవాహిక మీదుగా బిగుసుకుంది. ఒక పక్క ధమని, ఇంకో పక్క తాడు, అడుగున గుండె. పాలు జారిపోయాయి, గట్టి తిండి జారలేదు. బిగుసుకున్న చోటికి ముందు అన్నవాహిక సంచిలా ఉబ్బి ఉంది. అందులో డాగ్ ఫుడ్ ముద్ద తప్ప ఒక్క మెతుకు లేదు. కొంత ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అయింది.

సకాలంలో ఆ తాడు కోసి ఉంటే బతికే అవకాశం బాగా ఉండేది.

ఈ లోపం కొన్ని వంశాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. బ్రీడర్‌కు తెలియజేయమని ఆ పశువైద్యుడి క్లినిక్‌కు చెప్పాను. మర్నాడు బ్రీడరే నాకు ఫోన్ చేశాడు. తన కుక్కల్లో అలాంటివి లేవన్నాడు, తిండి వల్ల కూడా కావచ్చని రాయమన్నాడు. రాయనని పెట్టేశాను.

ఆ కూన తోబుట్టువులను కొన్నవాళ్లకు చెబుదామా అని మా ల్యాబ్ డైరెక్టర్‌ని అడిగాను. “మన క్లయింట్ ఆ క్లినిక్ మాత్రమే. మిగతావాళ్లను వెతకడం మన పని కాదు” అన్నాడు. నిబంధన ప్రకారం ఆయన మాట సరైనదే, దాంతో నా కోపం రెట్టింపయింది. యజమాని తన రిపోర్టును ఎవరికైనా చూపించుకోవచ్చా అని అడిగాను. చూపించుకోవచ్చన్నాడు.

సునీతకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

“అయితే నా తప్పు కాదు కదండీ?”

“కాదమ్మా. కాని దాని తోబుట్టువులు బతికే ఉన్నాయి. కొన్నవాళ్లు ఎవరో మీకు తెలుసా?”

“కొన్నవాళ్లందరితో బ్రీడర్ పెట్టిన వాట్సాప్ గ్రూప్ ఉందండీ. ఇప్పుడే ఈ రిపోర్టు అందులో పెడతా.”

పెట్టింది. బ్రీడర్ ఆమెను గ్రూపులోంచి తీసేశాడు. అప్పటికే ఒషావా అనే ఊళ్లో చదువుకుంటున్న ఒకమ్మాయి దాన్ని చూసింది. ఆమె కూనా తిన్నది కక్కుతోంది. ఎక్స్‌రేలో అదే ఉబ్బు కనిపించింది. ఆపరేషన్ చేసి తాడు కోశారు. కూన బతికింది.

బ్రీడర్ అదే జంటతో మరో ఈత వేయించి అమ్మాడని తర్వాత తెలిసింది. ఆపడానికి నా చేతిలో ఏ అధికారమూ లేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

ఆ కేసు నాకు ఒకటి నేర్పింది. మరణకారణం రాసినంత మాత్రాన రిపోర్టు పూర్తికాదు. ఆ తర్వాత పుట్టుకతో వచ్చిన లోపం కనిపించిన ప్రతిసారీ, అదే తల్లిదండ్రులకు పుట్టిన మిగతావాటిని వెంటనే పరీక్షించాలని, యజమానికి అర్థమయ్యే మాటల్లో, మొదటి పేజీలోనే రాశాను.