పెదవితో చూసిన ముడి

చెట్టు మీద తన బరువు తాడుకు వదిలేముందు క్లెమ్ టూహీ ప్రతిసారీ ముడిని నోటి దగ్గరికి తీసుకుంటాడు. కింద నిలబడి తాళ్ళు చూసుకునే అతని భార్య నోరీన్ దాన్ని ముద్దనుకుంది. అతని తమ్ముడు చనిపోయిన చలికాలంలో మొదలైన అలవాటు అది. చర్చి గుమ్మం తొక్కని మనిషి చెట్టు మీదైనా దేవుణ్ణి తలుచుకుంటున్నాడులే అనుకుని ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆస్ట్రేలియాలో గిప్స్‌లాండ్ కొండల కింద ఎవరింటి మీదికైనా చెట్టు ఒరిగిందంటే వీళ్ళకే కబురొచ్చేది. క్లెమ్ మీసం సరిగా రాని వయసులో రంపం పట్టాడు. కరెంటు తీగల మధ్య కొమ్మలు దించాడు. లోపల డొల్లయిన మానుల మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చెట్టు పోవాలి, నీడ మాత్రం ఉండాలి అనే ఇంటివాళ్ళతో నవ్వుతూనే వేగాడు. నేల మీద అతనికి పెద్దగా మాటలు రావు. పైకెక్కాక మాత్రం ఈల వేసేవాడు.

ఆ రోజు మిసెస్ పాస్కో కోళ్ళగూటి మీదికి చీలి వాలిన నీలగిరి చెట్టును తియ్యాలి. సాయంత్రానికి పెనుగాలి వస్తుందన్నారు. క్లెమ్ పొద్దున్నే పన్ను పీకించుకుని, మొహం సగం మొద్దుబారి ఉండగానే పనికి వచ్చేశాడు.

"ఇంటికెళ్ళి పడుకో," అంది నోరీన్.

"పళ్ళతో ఎక్కుతానేంటి చెట్టు?"

"మీ సరసాలు తర్వాత," అంది మిసెస్ పాస్కో గుమ్మంలోంచి. "అది నా కోళ్ళ మీద పడితే రేపట్నుంచి గుడ్లు నువ్వు పెడతావా, క్లెమ్?"

"ప్రయత్నిస్తానండీ."

అతను ఎక్కాడు. చీలిక పైన, కొమ్మ పంగలో తాడు వేసి ముడి కట్టాడు. నోటికి ఆనించుకున్నాడు. తీసి, పెదవులు భుజానికి తుడుచుకుని మళ్ళీ ఆనించుకున్నాడు. తర్వాత మొద్దుబారని వైపు చెంపకు. తర్వాత ఒక కన్ను మూసి, ముడిని రెప్ప మీద అదిమాడు.

రెప్పతో ఎవరూ ముద్దుపెట్టుకోరు.

నోరీన్‌కు అతను చొక్కా గుండీలు విప్పకుండా తల మీంచి లాగేసుకోవడం గుర్తొచ్చింది. పింగాణీ కప్పులు పక్కన పెట్టి రేకు కప్పులో టీ అడగడం, పొద్దుటి చలిలో కొవ్వొత్తుల్లా తెల్లబడే వేళ్ళు. చలికేలే అనేవాడు. ఇన్నేళ్ళ రంపపు అదురు ఆ వేళ్ళలోని స్పర్శను తినేసింది.

"రంపం పంపు, నోరీ."

ఆమె రంపాన్ని తాడుకు కట్టలేదు. రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకుంది.

"దిగు, క్లెమ్."

"ఏమైంది?"

"నీ వేళ్ళకి ఆ ముడి తెలుస్తోందా?"

పైన ఆకులు కదిలి ఆగాయి.

"కళ్ళున్నాయిగా," అన్నాడు చివరికి.

"మాను వెనక కట్టేది కళ్ళకి కనపడుతుందా?"

"ఈ ఒక్కటీ కానివ్వు. సగంలో దిగాడంటారు."

"అననీ."

"దిగితే మళ్ళీ ఎక్కనివ్వవు నువ్వు."

ఆమె ఒక అబద్ధం చెప్పొచ్చు. అతను దాన్ని నమ్మినట్టు దిగిరావచ్చు కూడా.

"ఎక్కనివ్వను," అంది.

క్లెమ్ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. కొండల దాకా పచ్చిక, దాని మీద మేఘాల నీడలు. నోరీన్ చేతులు లాగుతున్నాయి. రంపం కింద పెడితే తను ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని పెట్టలేదు.

"నా నడుముపట్టా కొక్కెం మూసుకుందో లేదో చూడు," అన్నాడు.

ఆ మాట అతను ఇంతవరకు ఎవర్నీ అడగలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని చూసింది.

"మూసుకుంది. రా."

నేల మీద అడుగు పెట్టాక అలవాటుగా తమ ట్రక్కు వెనక్కి రెండడుగులు వేశాడు. నడుముపట్టా బకిలు విప్పడానికి ఎంతసేపు పడుతుందో ఎవరికీ కనపడకుండా అక్కడికి వెళ్ళేవాడని ఆమెకు ఇప్పుడు తెలిసింది. అతను ఆగి, వెనక్కి తిరిగి చేతులు పక్కలకు ఎత్తాడు. ఆమె వంగి విప్పింది.

"చెట్టు అలాగే ఉందేం?" అంది మిసెస్ పాస్కో.

"రేపు ఇంకొకరు వస్తారు," అంది నోరీన్. "ఇవాళ్టికి కోళ్ళని ఇంట్లో పెట్టుకోండి."

"నా ఇంట్లోనా?" అని గొణుగుతూనే ముసలామె తలుపు బార్లా తీసింది.

ముగ్గురూ గూట్లోంచి ఒక్కొక్కటే తీశారు. గాలి మొదలైంది. క్లెమ్ ఎర్రకోడిని పొట్టకు అదుముకుని వాకిలి దాటుతున్నాడు. కోడి ఊపిరాడక నోరు తెరిచింది.

"గట్టిగా పట్టుకున్నావు," అంది నోరీన్. "కాస్త వదులు చెయ్యి."

అతను ఆగి, తన చేతుల్లోకి చూశాడు.

"ఎంత వదలాలో నువ్వే చెప్పు," అన్నాడు.