ఎర్ర గీత పలుగురాయి

నిన్న మా ఇంటి ముందు ఒక లారీ కంకర కుమ్మరించి పోయింది. మనుమడు పైన ఇంకో అంతస్తు వేస్తున్నాడు; ఉన్న గదుల్లోనే కొన్నిటి తలుపులు నెలల తరబడి తెరవం, అయినా ఈ కాలపు పిల్లలకు చెప్పేవాళ్ళెవరు. మేస్త్రీ పారతో కుప్పను లాగుతుంటే రాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకొని, అగ్గిపుల్ల ఆర్పినాక వచ్చేలాంటి సన్నటి కాలిన వాసన లేచింది. కామారెడ్డి సందులో కుర్చీ వేసుకొని కూచున్న నేను ఆ వాసన వెంట ఎల్లారెడ్డి పక్కన మా ఊరికి, మా పాత ఇంట్లో గింజలు దాచే అర్రలోకి వెళ్ళిపోయాను.

మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, ఎల్లారెడ్డి కచ్చేరిలో ఉర్దూ కాగితాలకు నకళ్ళు రాసేవాడు. శుక్రవారం జుమ్మా సెలవుకు ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో తినేవి ఏవీ ఉండేవి కావు గానీ, ధోవతి కొంగు మాత్రం రాళ్ళ బరువుకు కిందికి వేలాడుతుండేది. రాళ్ళ గురించి ఆయన చదివింది ఏమీ లేదు. తట్టడం, వాసన చూడటం, చివరికి నాలుకకు ఆనించడం, అదే ఆయన చదువు. "అందరు కొండ తవ్వి ఎలుకను పడ్తరు. మావోడు ఎలుకను ఇడిశిపెట్టి కొండనే ఇంటికి తెస్తడు" అని బాపు నవ్వేవాడు.

బతుకమ్మ పండుగ ముందరి రోజులు మా ఇద్దరికీ కోతకాలం వంటివి. వానలు వెనుకపట్టి, గుట్టల మీద తంగేడు పసుపు ఆరబోసినట్టు పూసి, మెట్ట చెలకల గట్ల వెంట గునుగు తెల్లగా తలలూపుతూ, సీతాఫలాలు కండ్లు విచ్చుకునే వేళ, నేను పూలకు, చిన్నాయన రాళ్ళకు బయలుదేరేవాళ్ళం. గుట్ట మీద గంటలా మోగే గుండురాయి ఒకటి ఉండేది, దాన్ని తట్టి పలకరించకుండా ఆయన ముందుకు కదిలేవాడు కాదు. కాకిబంగారం పొరలు గోటితో ఒలిచి నా నుదుట అంటించేవాడు, వాగు నున్నగా అరగదీసిన గులకరాళ్ళు నా అచ్చనగండ్ల ఆటకు ఏరిపెట్టేవాడు, ఏ రాయిని చూపినా అది ఏ గుట్ట నుంచి దొర్లి వచ్చిందో, దాని మేనమామ ఎవరో కథ కట్టి చెప్పేవాడు. ఇంటికి వచ్చేసరికి అవ్వ, మా అమ్మను అట్లాగే పిలిచేవాళ్ళం, సద్దుల బతుకమ్మ ఫలహారాలకు నువ్వులు వేయిస్తూ ఉండేది.

ఆ ఏడు వాగు బాగా పొంగి తీసింది. ఒడ్డు కోసుకుపోయి కొత్త రాళ్ళు బయటపడ్డాయని చిన్నాయన సంబరపడ్డాడు. పొద్దంతా ఒడ్డు పొడుగునా తిరిగి కొంగునిండా తెచ్చుకున్నాం. అందులో ఒకటి కొబ్బరికాయంత పలుగురాయి, పాల తెలుపు, నడుమ వంకరగా ఒక ఎర్ర గీత. పలుగురాళ్ళను చీకట్లో ఒరిస్తే లోపల దీపం పెట్టినట్టు పసుపు వెలుగు వస్తుంది, వెంటనే ఆ కాలిన వాసన. పట్టపగలు కూడా చీకటిగా ఉండే గింజల అర్రలో తలుపు దగ్గరేసి, చిన్నాయన ఆ రాయిని ఒడిలో పెట్టుకొని ఇంకో రాయితో గీశాడు. నేను చప్పట్లు కొట్టాను. అప్పుడే అవ్వ చేట పట్టుకొని తలుపు తీసింది. వెలుతురు రాయి మీద పడింది.

"గిది ఏడికెల్లి తెచ్చినవ్ తమ్మీ?"

"వాగు ఒడ్డుమీదికెల్లి వదినె. ఎర్ర గీత సూడు, ఎంత సక్కగున్నదో."

అవ్వ చేట కింద పెట్టి అక్కడే కూలబడింది. "అది నేను పెట్టుకున్న రాయి" అన్నది. "నా పెద్దకొడుకు మీద."

నాకంటే ముందు ఒక అన్న పుట్టి పోయాడని నాకు తెలిసింది ఆ అర్రలోనే.

మా వైపు పసిగుడ్డు పోతే కాల్చరు. వాగొడ్డున పూడ్చి, నక్కలు తోడకుండా రేగుకంప కప్పి, దాని మీద బరువుకు రాళ్ళు పెట్టి, తండ్రి వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి రావాలి. ఆనవాలు పెట్టుకోకూడదు, తల్లి అటు పోకూడదు. మనసు అక్కడే చిక్కుకుంటే పోయినవాడు మళ్ళీ కడుపున పుట్టడని పెద్దల మాట. బాపు నిజంగానే వెనక్కి చూడలేదు. అవ్వే, బట్టలు ఉతకడానికి పోయిన ఒకనాడు, పచ్చి ఆరని కంపను గుర్తుపట్టి, ఎవరికీ చెప్పకుండా ఆ తెల్ల రాయిని మోసుకొచ్చి పెట్టింది. కంప ఎప్పుడో చీకిపోయింది, తక్కిన రాళ్ళను ఆ ఏటి వరద చెదరగొట్టింది. మిగిలిన ఒక్కదాన్నీ మేము ఏరుకొచ్చాం.

మరునాడు ముగ్గురం వాగుకు పోయాం. ప్రతి రాయికీ పుట్టుపూర్వం చెప్పే చిన్నాయనకు ఈ ఒక్కదాని చోటు గుర్తు రాలేదు. ఇక్కడే అన్నాడు, కాదు ఆ మోదుగు చెట్టు దగ్గర అన్నాడు, రాయి ఆనిన గుంట కోసం మోకాళ్ళ మీద పాకుతూ వెతికాడు. రాత్రి మళ్ళీ వాన పడి ఒడ్డంతా ఒక్కతీరుగా చదునయింది. చివరికి ఇంటికి పోయి, అరుగు మీద ఏళ్ళుగా పేర్చుకున్న రాళ్ళన్నీ గంపకెత్తి తెచ్చి, ఎక్కడో ఒకచోట వాని మీద ఉంటాయని ఒడ్డు పొడుగునా పరచసాగాడు. అవ్వ ఆయన చేయి పట్టుకుంది.

"వద్దు తమ్మీ. గంత బరువు వాడు మొయ్యలేడు."

చిన్నాయన అక్కడే కూచొని ఏడ్చాడు. ఆ తరువాత ఆయన రాయి ఏరలేదు, గంట గుండు పక్క నుంచి పోయినా తట్టలేదు. ఎర్ర గీత రాయిని అవ్వ పొయ్యి పక్క గూటిలో పెట్టుకుంది. మాకు నలుగు పెట్టిన నాడు దానికీ పసుపు రాసేది, పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడు వాళ్ళ విస్తరి పక్కన చిటికెడు పాలబువ్వ పెట్టేది. దీపాలు పెట్టే వేళ ఆ గూటికి వీపు పెట్టి అన్నం తినాలంటే నాకు భయం. ఎవరో ఆకలితో చూస్తున్నట్టు ఉండేది. భయపడుతూనే ఒక మెతుకు అటు విసిరేదాన్ని. ఇప్పటికీ ముద్ద కలిపితే నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది.

అవ్వ పోయినప్పుడు, ముసలివాడైన చిన్నాయన ఆ రాయిని తనే మోసి, గుట్ట కింది మా చెలకలో ఆమె సమాధి తలాపున పెట్టాడు. ఆయనా పోయాడు. తరువాత గుట్టను పగలగొట్టి కంకర చేసే క్రషర్ వచ్చింది. మోగే గుండు పోయింది, తంగేడు పోయింది, వాగు ఇసుక ట్రాక్టర్లకెక్కింది, చివరికి చెలక కూడా అమ్ముడుపోయి, సమాధితో సహా గుట్ట తవ్విన గోతిలో కలిసింది. ఈ కంకర ఎక్కడిదని మేస్త్రీని అడిగాను. "మీ ఊరి గుట్టదే అవ్వా" అన్నాడు.

కర్ర ఆనించుకొని లేచి కుప్ప పక్కన కూచున్నాను. నల్లవి, గులాబి రంగువి పక్కకు తోసి తెల్లవి ఏరడం మొదలుపెట్టాను. ఎర్ర గీత ఉన్న ముక్క ఒక్కటైనా ఉంటుందేమోనని మొదట వెతికాను. తరువాత గీత సంగతి మరిచి, కనబడిన ప్రతి తెల్ల ముక్కా కొంగులో వేసుకున్నాను.

"ఏంది అవ్వా, గవేం జేస్తవ్?" అన్నాడు మేస్త్రీ.

"ఇవి స్లాబుల ఎయ్యకు బిడ్డా" అన్నాను. "గంత బరువు వాళ్ళు మొయ్యలేరు."