మా వంశంలో లేని జబ్బు

ఆ రోజు పొద్దున్న నా చేతిలోని కాఫీ గ్లాసు ఎగిరి గోడకి తగిలింది. జారలేదు, ఎవరో మోచెయ్యి గుంజినట్టు ఎగిరింది. తొంభైల చివర్లో సంగతి. మాది కడియం, నేను ఇంటర్ చదువుతున్నాను. "చేతుల్లో సత్తువ లేదేంటే?" అంది అమ్మ. తర్వాత దువ్వెన, బ్రష్షు కూడా అలాగే ఎగిరాయి. పొగరని నాన్న తేల్చేశారు.

పరీక్షలకని నిద్ర మానుకుని చదివిన మర్నాడు పెరట్లో పడిపోయాను. కళ్లు తెరిచేసరికి నోట్లో రక్తం, పిడికిట్లో తాళాలగుత్తి. ఇనుము పట్టిస్తే ఫిట్స్ ఆగుతుందని మా పెద్దమ్మ నమ్మకం. అది రెండు నిమిషాల్లో దానంతటదే ఆగింది. ఘనత తాళాలకి దక్కింది. ఆ ఏడాదిలో తాళాలు అలాంటి ఘనత ఇంకో నాలుగుసార్లు సంపాదించుకున్నాయి.

చివరికి రాజమండ్రిలో న్యూరాలజిస్టుకి చూపించారు.

"పొద్దున్నపూట చేతులు అదురుతాయా? మీ ఇళ్లలో ఇంకెవరికైనా ఫిట్స్ ఉందాండి?" అని డాక్టరుగారు నన్నే చూస్తూ అడిగారు.

నేను నోరు తెరిచేలోపు నాన్న అందుకున్నారు. "అబ్బే, అలాంటివేం లేవండి. మా వంశంలోనే లేదు."

మొక్కల నర్సరీ ఆయనది. ఏ అంటుకి తల్లిమొక్క ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలరు. సొంత వంశం దగ్గరికొచ్చేసరికి ఏమీ గుర్తు లేదు.

మెదడు పనితీరు చూసే ఈఈజీ పరీక్ష తీస్తే నార్మల్ వచ్చింది. కార్బమజపైన్ రాశారు. అది వేసుకున్నకొద్దీ అదుర్లు ఎక్కువై, కంచం కూడా పట్టుకోలేకపోయాను. రెండోసారి వెళ్లినప్పుడు అమ్మ ఇక ఆగలేదు.

"మా ఆడపడుచుకీ ఇలాగే ఉండేదండి. పొద్దున్నే గిన్నెలు విసిరేసేది. కాలవలో జారిపడి పోయిందని చెప్పుకుంటారు గానీ, ఫిట్స్ వచ్చే పడింది."

"నువ్వూరుకో! పరువు పోతుంది," అన్నారు నాన్న.

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "ఇది మొన్ననే చెప్పుంటే ఆ మందు రాసేవాణ్ణి కాదు. ఇంతకీ పేషెంటు ఎవరండి? మీ అమ్మాయా, మీ పరువా?"

రాత్రంతా నన్ను మేలుకోబెట్టి మళ్లీ ఈఈజీ తీస్తే బయటపడింది. జేఎంఈ అన్నారు, ఈడొచ్చే వయసులో పొద్దున్నపూట అదుర్లతో మొదలయ్యే ఫిట్స్ అట, పాత మందు దానికి పడదట. వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టారు. రెండేళ్లు హాయిగా గడిచాయి.

అప్పుడు పెళ్లిచూపులొచ్చాయి. "ఆ మందుసీసాలు వాళ్ల కంటపడకూడదు. ఓ వారం మానెయ్, ఏం కాదు," అన్నారు నాన్న. మానేశాను. అంత చదివిన నా బుద్ధి కూడా అంతే. వాళ్ల ముందే పడిపోయాను. లేచేసరికి వాళ్లు లేరు, పళ్లెంలో స్వీట్లు మాత్రం మొత్తం అయిపోయాయి.

తర్వాత వచ్చినతనికి నేనే ప్రిస్క్రిప్షన్ చూపించాను. "నిద్ర చాలకపోతే వస్తుందా? అయితే పొద్దున్నే కాఫీ నేను పెడతాను," అన్నాడు. పిల్లల్ని కనాలనుకున్నప్పుడు ముందే చెబితే, వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకి మంచిది కాదని డాక్టరే మందు మార్చారు. ఇప్పుడు పాప ఉంది. స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఎనిమిదేళ్లుగా ఫిట్స్ రాలేదు. నాకు రక్తహీనత ఉండేదని నాన్న చుట్టాలతో ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. పక్కనుంటే, "ఫిట్సండి," అని సరిదిద్దుతాను. ఆయన ముఖం తిప్పుకుంటారు. తిప్పుకోనివ్వండి.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు, మీ ఇంట్లో ఎవరెవరికి ఇలా వచ్చిందో, పోయినవాళ్లు నిజంగా ఎలా పోయారో కాగితం మీద రాసి పేషెంటు చేతికివ్వండి. పరువుగల పెద్దమనుషుల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టండి.